కోదాడలో జారిన క్లచ్

నేను ఏనాడూ స్టీరింగ్ పట్టుకోలేదు. అయినా వీధిలో పాతకాలపు కారేదైనా పోతుంటే, లోపల వంటింట్లో కూర తరుగుతూనే దాని క్లచ్‌కు ఏ రోగముందో చెప్పగలను. మనవలు నవ్వుతారు. "ఎక్కడ నేర్చినవ్ నానమ్మా?" అంటారు. కుళ్లుతో నేర్చుకున్నాను. ఇంకో ఆడదాని మీద కుళ్లుతో. ఆ మాట వాళ్లకు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

అప్పట్లో మేం సూర్యాపేటలో ఉండేవాళ్లం. పోలీస్ యాక్షన్ అయిపోయిన మరుసటి ఏడు. మా ఆయన ఒక బట్టల షావుకారు దగ్గర కారు డ్రైవరు. ఆ నల్లకారు నాకన్నా ముందే ఆయన బతుకులోకి వచ్చింది. పొద్దున లేవగానే నా మొహం కంటే ముందు దాని మొహం చూసేవాడు. నాకొక చీర కొనాలంటే సవాలక్ష లెక్కలు వేసే మనిషి, దాని అద్దాలు తుడవడానికి మాత్రం నా పెట్టెలోంచి మెత్తటి చీర వెతికి చింపేవాడు. చెప్పులు బయట విడిచి, దేవుడి గదిలోకి పోయినట్టు వట్టికాళ్లతో ఎక్కేవాడు. ఇనుముతో పోటీ పడి ఓడిపోవడం నాకు అప్పటికే అలవాటు. మనిషితో పోటీ పడాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

షావుకారుకు కోదాడలో ఇంకో చిన్న కొట్టుండేది. బెజవాడ వైపు నుంచి వచ్చే బట్ట అక్కడ దిగేది. మూటలు తేవడానికి మా ఆయన వారం వారం ఒక్కడే పోయేవాడు. పొద్దున పోయి పొద్దుగూకేలోపు వచ్చేవాడు. ఆ ఎండాకాలం నుంచి అట్లా రావడం మానేశాడు. తెల్లారి వచ్చేవాడు. ఎందుకాలస్యమంటే ఒకటే మాట.

"క్లచ్ జారుతున్నదే. సల్లబడేదాక ఆగాలె. గంతల పొద్దువోయింది. సీకట్ల ఈ రోడ్డు మీద ఎవడొస్తడు?"

చీకటి పడ్డాక రోడ్డెక్కడం ఆ రోజుల్లో ఎవరికీ మంచిది కాదన్నది నిజమే. మిలిటరీ లారీలు తిరుగుతుండేవి, ఎక్కడపడితే అక్కడ ఆపి అడిగేవాళ్లు. అబద్ధమాడదలుచుకున్న మొగుడికి అంతకన్నా మంచికాలం రాదు.

మా పక్కింటామె పెనిమిటి బస్సు నడిపేవాడు. ఆమె ఒకరోజు బియ్యంలో రాళ్లేరుతూ, తల ఎత్తకుండానే అంది. "డ్రైవర్లకు ఊరికొక పొయ్యి ఉంటదక్కా. నీకింకా తెల్వదా?" నవ్వులాటకే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఇక అప్పటినుంచి నా కళ్లు ఊరుకుంటేగా. ఆయన ఖాకీ ప్యాంటు ఉతుకుతుంటే ఎడమ మోకాలి దగ్గర మరక కనిపించింది. వాసన చూశాను. ఆముదం. మా దగ్గర ఆడవాళ్లు తలకు రాసుకునేది ఆముదమే. మోకాలి మీద ఆముదం మరక ఉన్నదంటే, ఆముదం రాసుకున్న తల ఏదో ఆ మోకాలి మీద ఆనిందనే కదా అర్థం? ఆ తర్వాతి వారం చొక్కా వీపు మీద ఒక నల్లటి వెంట్రుక దొరికింది. ఉంగరాల వెంట్రుక. నా జుట్టు ఈతాకులా నిటారుగా ఉంటుంది. ఆ వెంట్రుకను వేలికి చుట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఉంగరాల జుట్టు దానికి, కోదాడ దానికి, ఒక మొహం కూడా తయారుచేసుకున్నాను. తెల్లగా ఉంటుంది. మాట్లాడితే ఆంధ్రా యాస. నాలాగా గొంతు పెద్దది కాదు.

ఇంట్లో మనిషి కూర్చునే తీరు కూడా మారింది. అన్నం తినేటప్పుడు బాసింపట్టు వేసేవాడు కాస్తా ఎడమకాలు చాపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కోదాడలో ఎవరో మంచం మీద కూర్చోబెట్టి దొరలాగా వడ్డిస్తున్నారన్నమాట, అందుకే ఇక్కడ మఠం వేసుకోవడం నామోషీ అయిందన్నమాట, అనుకుని పళ్లు నూరుకున్నాను.

నిలదీద్దామంటే చేతిలో ఆధారం లేదు. ఆయన చెప్పేది ఒకటే, క్లచ్ జారుతున్నదని. అది నిజమా, అబద్ధమా? తెలుసుకోవాలంటే ముందు క్లచ్ అంటే ఏంటో తెలియాలి. ఒక పొద్దున జొన్నరొట్టె పెడుతూ అమాయకంగా అడిగాను.

"జారుడంటే ఏందయ్యా? బురదల కాలు జారినట్టా?"

కారు గురించి అడిగితే ఆయనకు అంతకంటే పండగ లేదు. రెండు కంచాలు తీసి, అడుగూ అడుగూ ఆనించి పట్టుకున్నాడు. "గిది ఇంజన్ తిప్పే కంచం. గిది సక్రాల దిక్కుది. రెండూ గట్టిగ అతుక్కుంటె, ఒకటి తిరిగితె రెండోది తిరుగుతది. కాలుతోని పెడల్ తొక్కితె ఇడిపోతయి. అప్పుడు గేరు ఏసుకోవాలె. కాలు తీస్తె మళ్ల అతుక్కుంటయి. గంతే."

"మరి జారితే?"

"కంచం అరిగి సరిగ అతుక్కోదు. ఇంజన్ ఒర్రుతది, బండి ముందలికి పోదు. ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తది. కాలిన వాసనొస్తది."

ఆ రోజుకు అంతే అడిగాను. ఇంకో రోజు ఇంకోటి. తొక్కినా కంచాలు విడిపోకపోతే ఏమైతది? "గేరు పడది. పండ్లు కొరికినట్టు గర్రుమంటది." బండి కదిలేటప్పుడు వణికితే? "కంచం మీద నూనె పడ్డదన్నట్టు." తొక్కినప్పుడే కీచుమని, వదిలితే ఊరుకుంటే? "లోపటి బేరింగ్ పోయిందన్నట్టు." కొందరు డ్రైవర్లు పనున్నా లేకున్నా ఎడమకాలు పెడల్ మీదే ఆనించి నడుపుతారట. కంచాలు సగం విడిపోయి, సగం రాసుకుంటూ తొందరగా కాలిపోతాయట. వాళ్లను తలుచుకుంటేనే ఆయనకు ఒళ్లు మండేది. తన కారులో గేరు మార్చాలంటే ప్రతిసారీ క్లచ్ రెండుమార్లు తొక్కాలని కూడా అప్పుడే చెప్పాడు. ఎన్నాళ్లకు నా పెళ్లానికి నా పని మీద మనసు పోయిందని మురిసిపోయాడు పాపం. నా మనసు పోయింది ఎక్కడికో ఆయనకేం తెలుసు?

దసరా వచ్చింది. షావుకారింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆయుధపూజ నాడు కారుకు పసుపూ కుంకుమా డ్రైవరు పెళ్లామే పెట్టాలి. బయటే కాదు, లోపల స్టీరింగ్‌కు, గేరు కర్రకు, కింద పెడళ్లకు కూడా. ఏడాదికి ఆ ఒక్కరోజే నేను నా ఇనుప సవతి లోపలికి తల పెట్టేది. వంగి బ్రేకుకు బొట్టు పెడితే నిలిచింది. క్లచ్ పెడల్‌కు పెడితే జారిపోయింది. వేలితో రాసి చూశాను. జిడ్డు. వాసన చూశాను. ఆముదం. కారులోకి కూడా తెచ్చిందన్నమాట తన తల! 

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. షావుకారు, ఆయన భార్య, హైదరాబాదులో మోటరు నడపడం నేర్చుకుని వచ్చిన ఆయన బావమరిది, కొట్లో పనివాళ్లు, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కారు నిమ్మకాయల మీద నుంచి మూలగకుండా, ఆగకుండా ముందుకు పోవాలి. అట్లా పోతేనే ఏడాది వ్యాపారం మంచిగా నడుస్తుందని షావుకారు నమ్మకం. మా ఆయన ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. గేరు వేశాడు.

గర్రుమంది. వాకిలంతా వినపడేటట్టు. మళ్లీ వేశాడు. మళ్లీ గర్రుమంది. మూడోసారికి పడింది గానీ, బండి ఒక్క దూకు దూకి ఆగిపోయింది. నిమ్మకాయలు సగం నలిగి, సగం నలక్కుండా ఉన్నాయి.  బావమరిది మీసాల్లో నవ్వుకున్నాడు.

షావుకారు నిమ్మకాయల వైపు చూస్తూ అన్నాడు. "పండుగెల్లినంక మిస్త్రీకి చూపిద్దాం. రోగం బండిల ఉంటె బాగుచేపిద్దాం. బండిల లేకపోతె నడిపేటోనిల ఉన్నట్టు."

మా ఆయన తల వంచుకున్నాడు. కొలువు పోయే మాట అది. నాకు అది వినపడింది గానీ చెవికెక్కలేదు. నా చెవుల్లో ఆ గర్రుమన్న చప్పుడే ఉంది. అరిచింది గేరు. కంచాలు విడిపోకపోతే అరుస్తుందని నాకు చెప్పింది ఈయనే. నాలుగు నెలలుగా ఈయన చెబుతున్నది మాత్రం కంచాలు అతుక్కోవడం లేదని. అతుక్కోని కంచాలు విడిపోకుండా ఎట్లా ఉంటాయి? జారే క్లచ్ వేరు, అరిచే క్లచ్ వేరు. అంటే కోదాడలో ఏ క్లచ్చూ జారలేదు.

జమ్మి చెట్టు దగ్గరికి పోయేముందు ఇంట్లో అడిగేశాను.

"నీ క్లచ్ జారుతలేదు. ఎక్కడ జారుతున్నవో నువ్వు చెప్పు."

ఆయన మొహంలో రంగు పోయింది. నేను లెక్క విప్పి చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాడు. ఆఖరికి "నీకేం తెలుసు మోటర్ల సంగతి, ఊకో" అన్నాడు. నేర్పింది తనేనన్న సంగతి కూడా మరిచిపోయాడు. నేను ఏడవలేదు. నేను ఏడ్చే రకం కాదు, అడుగుదాకా తవ్వే రకం.

పండగ వెళ్లిన రెండోనాడే షావుకారమ్మ పుట్టిల్లయిన మిర్యాలగూడకు పోతూ నన్ను తోడు రమ్మంది. ఆమెను అక్కడ దించి, మా ఆయన హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయి మూటలెక్కించి, తిరుగుదారిలో ఆమెను ఎక్కించుకోవాలి. నేను వెనక సీట్లో షావుకారమ్మ పక్కన కూర్చుని, ఆమె మాటలకు ఊ కొడుతూ, చెవులు మాత్రం ఇంజన్ మీద పెట్టాను. పెన్‌పహాడ్ వైపు ఎత్తు వచ్చిన చోటల్లా ఊపిరి బిగబట్టాను. ఇంజన్ ఒర్రలేదు. కాలిన వాసన రాలేదు. బండి ఎక్కాల్సిన ఎత్తు శుభ్రంగా ఎక్కింది. గేరు మార్చినప్పుడల్లా మాత్రం గర్రు, గర్రు. ఒక్కసారి గేరు పడితే చాలు, ఏ జబ్బూ లేదు. నా లెక్కే నిజమైనందుకు గెలిచినట్టు అనిపించింది. అట్లాంటి గెలుపు ఏ ఆడదానికీ వద్దు.

మిర్యాలగూడలో దిగుతుంటే షావుకారమ్మతో అన్నాను, నేను కోదాడ దాకా పోయొస్తానమ్మా అని. ఆమె నా మొహం చూసి, మా ఆయన మొహం చూసి, పెదవి కొరుక్కుంది. "పో. సూసిరా" అంది. ఆడవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

కోదాడలో మూటలెక్కించాక, కొట్టు ముందు కారు ఆపి, "నువ్వు గీడ్నే కూసో, ఇప్పుడే వస్త" అని దిగాడు. సందు మలుపు తిరిగేదాకా ఆగి, నేనూ దిగాను. వెనక నుంచి చూస్తే అప్పుడు తెలిసింది, ఆయన నడక సరిగా లేదు. ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఇంట్లో నా కళ్ల ముందు తిరుగుతున్న మనిషి నడక నాకు కోదాడ సందులో కనపడింది. నేను ఇన్నాళ్లూ వెతికింది ఇంకో ఆడదాని గుర్తులు. మా ఆయన కాలును వెతకలేదు.

సందు చివర ఒక గొర్రెల దొడ్డి, దాని పక్కన తాటాకుల ఇల్లు. చావడిలో నల్ల గొంగడి పరిచి ఉంది. మా ఆయన దాని మీద కూర్చుని, ప్యాంటు మోకాలి పైకి మడిచి, కాలు తీసుకెళ్లి ఒక ఆడమనిషి ఒడిలో పెట్టాడు.

నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయాను. ఆమె నేననుకున్న మనిషి కాదు. నల్లగా, బలంగా, ఒక యాభై ఏళ్లుంటాయి. జుట్టు ఉంగరాలు లేవు, సగం నెరిసింది కూడా. నాకు దొరికిన ఉంగరాల వెంట్రుక ఆ గొంగడిది. మూకుట్లో ఆముదం కాగుతోంది, పక్కన వావిలాకు కట్టలున్నాయి. మోకాలు మాత్రం, అది మోకాలిలా లేదు. వాచి, నున్నగా, చిన్న గుమ్మడికాయంత ఉంది.

ఆమె తలెత్తి చూసింది. "ఎవరమ్మా? ఈయన ఆడమనిషివా?" అంది. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి కాలు లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. "కదలబాక" అంది ఆయన్ని, మా ఇంట్లో నేను కూడా అనని గొంతుతో. ఆయన కదలలేదు.

నాకు కూర్చోమని పీట వేసి, రుద్దుతూనే చెప్పింది. వాళ్ల నాయన గొర్రెలకూ ఎడ్లకూ కాళ్లు కట్టేవాడట. ఆ పని ఆమెకు వచ్చింది. ఈ రోడ్డు మీద బండ్లు నడిపేవాళ్లు కూడా వస్తారు. "ఆ పెడలు గట్టిదంటగదా, ఒక్కో గేరుకి రెండేసిసార్లు తొక్కాలంట. మోకాలు అరిగిపోయిందమ్మా. నాలుగు నెలల్నుంచి చెబుతున్నా, బండి మానుకో అని. ఇంటాడా? కట్టు కట్టినాక తెల్లారేదాకా కాలు కదపగూడదు, అందుకే ఈ గొర్రెల పక్కనే పడుకోబెడుతున్నా. వచ్చిన మొదటిరోజు ఎంత ఏడ్చాడో!"

ఏడ్చాడు. మా ఆయన. ఈమె ముందు.

ఆ ముక్క దగ్గర నాకు అన్నీ అర్థమయ్యాయి. క్లచ్‌కు ఏ రోగమూ లేదు. కాలు పెడల్‌ను అడుగుదాకా తొక్కలేకపోతోంది. అడుగుదాకా తొక్కకపోతే కంచాలు విడిపోవు, విడిపోకపోతే గేరు అరుస్తుంది. కాలి మీది ఆముదం కారి, అరికాలి నుంచి పెడల్‌కు అంటింది. అంతా సరిపోయింది. సంతోషంగా ఇంటికి పోవాల్సింది. ఇంకో పొయ్యి లేదు, ఇంకో ఆడది లేదు.

నాకు సంతోషం కాలేదు. అంతకు ముందుకన్నా ఎక్కువ కుళ్లు పుట్టింది. ఉంగరాల జుట్టుదైతే నేను కొట్లాడేదాన్ని. ఈమెతో ఏమని కొట్లాడను? నేను రోజూ ఉతికే ప్యాంటు కింద ఉన్న నొప్పి ఈమెకు మొదటిరోజే తెలిసింది. నాకు నాలుగు నెలలు అబద్ధం చెప్పాడు, అదీ కారు మీద పెట్టి. ఆ పెద్ద పెద్ద చేతులు మోకాలి చుట్టూ తిరుగుతుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు. నా ఎదుట ఎన్నడూ అట్లా కళ్లు మూసుకోలేదు.

"నాకెందుకు చెప్పలే?" అని అక్కడే అడిగాను.

"చెప్తె నువ్వు ఊకుంటవా?" అన్నాడు, కళ్లు తెరవకుండానే. "షావుకారమ్మ చెవిలేస్తవ్, బెల్లం సున్నం పట్టెయ్యమంటవ్, కట్టు మార్పియ్యమంటవ్. బజారంత తెలుస్తది. కొలువు పోతది."

నా గొంతు పెద్దదని నాకు తెలుసు. కానీ అది పెద్దగా ఉందని నొప్పిని ఇంకొకరి చావట్లో దాచుకుంటాడా మనిషి? ఆమె మధ్యలో కల్పించుకుని, "పోనీలేమ్మా, మగాళ్లు అంతే" అంది. ఆ ఓదార్పు కూడా నాకు కిట్టలేదు.

ఆ రోజు కట్టు కట్టించుకోనివ్వలేదు, బయల్దేరదీశాను. నేను ముందు సీట్లో, ఆయన పక్కన కూర్చున్నాను. ఆడవాళ్లు ముందు కూర్చోవడం ఎవరూ చూడని కాలం. చూస్తే చూడనీ అనుకున్నాను. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నా రెండు చేతులూ ఆయన తొడ మీద, మోకాలికి కాస్త పైన పెట్టి, బలమంతా వేసి నొక్కాను. పెడల్ అడుగుదాకా పోయింది. గేరు చప్పుడు చేయకుండా, వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఆయన నా వైపు చూడలేదు. "మళ్లొకసారి" అని మాత్రం అన్నాడు, క్లచ్ రెండుమార్లు తొక్కాలి కనుక. మిర్యాలగూడలో షావుకారమ్మను ఎక్కించుకునేదాకా అట్లాగే వచ్చాం. అక్కడి నుంచి మళ్లీ నేను వెనకకు, గేరు మళ్లీ గర్రుమనడానికి.

షావుకారమ్మ అడిగింది, "ఏం సూసినవే?" అని. "మూటలు" అన్నాను. ఇంకో ముక్క అనలేదు. ముందు అద్దంలో మా ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి. నోరు మూసుకోవడం నాకు కూడా వచ్చునని ఆయనకు తెలియాలనే మూసుకున్నాను.

మిస్త్రీ కారు విప్పి చూసి, క్లచ్ బాగానే ఉందన్నాడు. షావుకారు ఏమీ అడక్కముందే మా ఆయన తాళంచెవి ఆయన గద్దె మీద పెట్టి, మోకాలు చూపించాడు. షావుకారు చెడ్డవాడు కాదు. కొట్లో బట్ట కొలిచే పనిలో కూర్చోబెట్టాడు. కారు మాత్రం బావమరిది చేతికి పోయింది. రోజూ మా గడప ముందు నుంచే తీసుకుపోయేవాడు, చెప్పులు కూడా విప్పకుండా. ఆ కారును అన్నేళ్లు తిట్టుకున్నదాన్ని, అది వేరేవాడి చేతిలో పోతుంటే నాకే కడుపు మండింది.

ఇక ఆ నూనె కాచే పని నాకొచ్చింది. వావిలాకు నేనే తెచ్చేదాన్ని. కోదాడ ఆమె చేతులు ఎటు నుంచి ఎటు తిరిగాయో నేను పీట మీద కూర్చుని ఊరికే చూడలేదు. కుళ్లు కళ్లతో చూసింది ఏదీ మరిచిపోం.

ఒక సాయంత్రం గడప మీద కూర్చుని ఆయన కాలు నా ఒడిలో పెట్టుకుని రుద్దుతున్నాను. వీధి చివర ఎత్తు మీద కారు చప్పుడైంది. ఇంజన్ గొంతు చించుకుంటోంది, బండి మాత్రం నింపాదిగా వస్తోంది. కాలిన వాసన మా గడప దాకా వచ్చింది. ఎడమకాలు ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి నడిపే రకం బావమరిది అని ఆ వాసనే చెప్పింది.

"జారుతున్నది" అన్నాడు మా ఆయన.

"అవ్, ఇప్పుడు నిజంగ జారుతున్నది" అన్నాను. చెప్పకపోతే అబద్ధం, ఎంత హాయిగా అనిపించిందో! కారు దాటిపోయింది. ఆ హాయిలో, ఎన్నాళ్లుగానో నాలుక చివర ఉన్నది అడిగేశాను.

"నిజం చెప్పు. నా చెయ్యి మంచిగున్నదా, ఆమె చెయ్యా?"

ఆయన ఆలోచించాడు. ఆలోచించకుండా ఉండాల్సింది.

"ఆమెదే" అన్నాడు.

నేను బొటనవేళ్లు రెండూ మోకాలి పక్కన పెట్టి కసిదీరా నొక్కాను. ఆయన ఒళ్లంతా బిగుసుకుంది. పళ్ల బిగువున ఊరుకుంటాడనుకున్నాను, అన్నాళ్లూ ఊరుకున్నట్టే.

"నొస్తుందే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "శాన నొస్తుంది."

నా చేతులు వదులయ్యాయి. "ఎక్కడ?" అని అడిగాను. ఆయన నా వేలు పట్టుకుని నొప్పి ఎక్కడుందో చూపించాడు.